సాయంత్రం సంగటి ఎవరు కెలకాలి

నేనొక ప్రశ్న అడిగాను. ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. మొదటిసారి అడిగినప్పుడు మా వదిన ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండోసారి జాతరలో అడిగినప్పుడు మా అన్న పలక డప్పుల మోత వినపడే వైపు తల తిప్పాడు. మా అమ్మ రెండుసార్లూ అక్కడే ఉంది. కొంగు అంచు వేళ్లతో సరిచేసుకుంటూ కూర్చుంది. వీళ్లెవరికీ చెవుడు లేదు. మా ఇంటికి కొత్త వస్తువేదైనా వస్తే అట్టపెట్టె విప్పే చప్పుడు వాళ్లకు రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది.

ప్రశ్న పెద్దదేమీ కాదు. కానీ అది అర్థం కావాలంటే ముందు మా ఇల్లు ఎక్కడుందో చెప్పాలి.

నేను కుప్పంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు అసిస్టెంటుని. పాత ఫైళ్లు అడిగినవాళ్లకు వెతికి ఇవ్వడం, ఇచ్చినవి తిరిగి రాకపోతే మాటలు పడటం నా పని. నా భార్య మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రక్తం తీసి పరీక్షలు చేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమె మదనపల్లెలో ఉండేది. నేను కుప్పంలో గది తీసుకుని శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం తెల్లవారుజామున తిరిగొచ్చేవాణ్ణి. పాప బడికి పోయే వయసు వచ్చాక మా అన్న ఈ విషయంలో కలగజేసుకున్నాడు. ఆయనది పుంగనూరు. బజారులో ఎరువుల అంగడి, ఊరి బయట కాస్త పొలం. మా అమ్మ ఆయన దగ్గరే ఉంటుంది.

"రెండు బాడుగలు యాలరా? నువ్వొక తావ, ఆ యమ్మి ఒక తావ. పుంగనూర్లో ఇల్లు తీసుకోండి. ఇద్దురికీ మద్దెలో ఉంటాది" అన్నాడు.

మధ్య అనే మాట కూర్చుని చెప్పేవాళ్లకు బాగుంటుంది. పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో గంట పడుతుంది. కుప్పానికైతే పలమనేరు దిగి, ఇంకో బస్సు పట్టుకుని, వి.కోట మీదుగా పోవాలి. సీటు దొరికితే నిద్ర, దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడటం. ఈ రెండు దారుల్లో ఏ ఒక్కదాన్నీ మా అన్న వరసగా వారం రోజులు తిరిగినవాడు కాదు. ఇల్లు కూడా ఆయనే చూశాడు. మేడ మీద రెండు గదులు, నీళ్లు బాగానే వస్తాయి. ఇంటివాళ్లు తనకు తెలిసినవాళ్లని అడ్వాన్సు కూడా ముందే మాట్లాడేశాడు. మమ్మల్ని అడిగాడని చెప్పుకుంటాడు. అడగలేదు, చెప్పాడు.

ఆ రోజే నేను నా ప్రశ్న అడిగాను.

"సరేన్నా, వస్తాము. పొద్దు గూకినాక ఇద్దురమూ ఇల్లు చేరతాము. అప్పుడు సంగటి ఎవరు కెలకాల?"

తమాషాకు అడగలేదు. మా వైపు రాత్రిపూట సంగటి లేకపోతే తిన్నట్టు ఉండదు. సంగటి అంటే పొయ్యి మీద పెట్టి మరిచిపోయే వంట కాదు. బియ్యం మెత్తగా ఉడకాలి. మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టాలి. పిండి ఉడికాక గిన్నె దించి, కాళ్ల మధ్య గుడ్డతో అదిమిపట్టి, తెడ్డుతో రెండు చేతులా కెలకాలి. భుజం నుంచి బలం రావాలి. కాస్త సడలిస్తే ఉండలు కడతాయి. ఉండలు కట్టిన సంగటి పెట్టిన ఇంటి గురించి మా ఊళ్లో చాలాకాలం మాట్లాడుకుంటారు. కెలకడమంటే రోజంతటి పనిలో ఆఖరి పని. దానికి కొంచెం బలం మిగిలించుకుని ఇంటికి రావాలి. ఆ మిగిలించుకునేది ఎవరు అన్నదే నా ప్రశ్న.

మా వదిన గ్లాసులు తీసుకుని వెళ్లింది. మా అన్న నవ్వాడు. నవ్వును నేను జవాబు కింద తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను.

ఇల్లు మారాము. నా భార్య, పాప పొద్దున్నే మదనపల్లె బస్సెక్కేవాళ్లు. పాప బడి కూడా అక్కడే కాబట్టి సాయంత్రం బడి వదిలాక ల్యాబులోనే ఒక కుర్చీలో కూర్చుని హోంవర్కు రాసుకునేది. వాళ్లు దీపాల వేళకు ఇల్లు చేరేవాళ్లు. నేను ఆ తర్వాత ఎప్పుడో. నేను తలుపు తీసేసరికి చాలా రోజులు ఇల్లు చీకటిగా ఉండేది. కరెంటు ఉన్నా స్విచ్చు వేసి ఉండేది కాదు. నా భార్య ముందుగదిలో బండల మీద పడుకుని ఉండేది. సంచీ భుజానికి అలాగే ఉండేది. నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉండేవి. పాప పక్కన కూర్చుని ఫోను చూస్తూ ఉండేది. నేను దీపం వేసి, తెచ్చిన పార్సిలు నేల మీద పెట్టేవాణ్ణి. న్యూస్ పేపరు పరిచి, కవర్లు విప్పి, వాటిలోంచే తినేవాళ్లం. కంచాల్లో పెట్టుకుంటే మళ్లీ కంచాలు కడగాలి.

మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు పార్సిలు. తర్వాత ఏ రోజు వండాము అని గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. బస్టాండు దగ్గర హోటలు అతను నేను బస్సు దిగడం చూసి పరోటాలు పెనం మీద వేసేవాడు. ఆటో అతను కూడా అంతే. బస్టాండు నుంచి మా ఇల్లు నడిచే దూరమే. అతను నన్ను ఎక్కడికని అడగడం మానేశాడు.

అలసిపోయినవాడు ఖర్చు చేసే తీరు వేరు. సరదాకు ఖర్చు పెట్టేవాడు కనీసం నాలుగు అంగళ్లు తిరుగుతాడు, ధర అడుగుతాడు, వద్దని ముందుకు పోతాడు. మేము మొదటి అంగట్లో మొదట కనపడింది తెచ్చుకునేవాళ్లం. చిల్లర తక్కువ ఇచ్చాడని మెట్లు ఎక్కాక తెలిసినా వెనక్కి పోయేవాళ్లం కాదు. కత్తెర కనపడకపోతే వెతికేవాళ్లం కాదు, కొత్తది కొనేవాళ్లం. కందిపప్పు డబ్బాలో ఉందో లేదో మూత తీసి చూసే ఓపిక లేక ఇంకో కిలో తెచ్చేవాళ్లం. బనీన్లు ఉతకలేదని కొత్త బనీన్లు. వాషింగ్ మిషన్ కొన్నాము. అందులో వేసిన బట్టలు తీసి ఆరేయడం మరిచిపోయి, వాసన వస్తే మళ్లీ అవే ఉతికేవాళ్లం. పిండి రుబ్బే గ్రైండరు కొన్నాము. రుబ్బాక రాయి కడగాలి కదా. అది అలాగే మూల ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పాప పుస్తకాల సంచీ పెడుతుంది.

ఆ వస్తువులన్నీ చూసి మా వదిన మాది కలిగిన ఇల్లు అనుకునేది. ఒక్కోటీ మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చున్న ఏదో ఒక సాయంత్రం ఫోనులో వేలితో నొక్కి కొన్నది. కొన్నప్పుడు సంతోషం కలిగిందా అని ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

టమోటాల సంగతి కూడా చెప్పాలి. మదనపల్లెలో పనిచేసేవాళ్లకు టమోటాకు కొదవుండదు. ధర పడిపోయిన రోజుల్లో నిమ్మనపల్లె వైపు నుంచి వచ్చే రైతులు పరీక్షలకని వచ్చి, ల్యాబులో ఒక సంచీ పెట్టి పోతారు. అమ్మా, ఈ ధరకు మండీలో వేసేకంటే నువ్వు తీసుకుంటే మేలు అంటారు. నా భార్య కాదనలేక బస్సులో మోసుకొచ్చేది. ఆ సంచీ వంటింట్లో గోడవార కూర్చునేది. మూడో రోజుకు తడి కారేది. నాలుగో రోజు నేను దాన్ని కిందికి తీసుకుపోయి పారేసి, అదే చేత్తో బస్టాండుకు నడిచి టమోటా పప్పు పార్సిలు కట్టించుకొచ్చేవాణ్ణి. ఆ వాసన మా ఇంటి ఓనర్ల ద్వారా మా వదిన దాకా పోయింది. రైతు కష్టం పారబోసే కొంప అందట. నా ఎదుట అనలేదు. కానీ అన్నదని నాకు తెలుసు.

నువ్వు కెలకొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. కెలికాను. అంత మాట పడే అవకాశం నేనివ్వను. ఒక ఆదివారం, ఆ తర్వాత కొన్ని మామూలు రోజులు కెలికాను. ర్యాకుల మీద నుంచి ఫైళ్లు దించే భుజమే ఇది, కానీ పలమనేరు బస్సులో కడ్డీ పట్టుకుని వచ్చాక తెడ్డు సగంలోనే ఆగిపోయేది. ఉండలు వచ్చాయి. పాప వాటిని కంచం అంచుకు తోసి పెట్టింది. నా భార్య ఒక్క ఉండ కూడా పక్కన పెట్టకుండా తినేసింది. తర్వాత గిన్నె మిగిలింది. సంగటి గిన్నె నానాలి. నానాక గీకాలి. ఆ గిన్నె రెండు రోజులు నీళ్లల్లో అలాగే ఉంది. మూడో రోజు వేరే గిన్నె కొన్నాము.

నా భార్య తన రక్తం తానే పరీక్ష చేసుకుంది. ల్యాబుకు వచ్చేవాళ్లలో సగం మంది చెప్పేది నీరసమే. మెట్లెక్కలేకున్నాను, ఒళ్లు బరువుగా ఉండాది, తిన్నా శక్తి లేదు అని. వాళ్ల చేతుల్లో నరం దొరకబుచ్చుకోవడంలో ఆమెది మంచి చెయ్యి. ముసలివాళ్లు ఆ యమ్మ ఉంటేనే కూర్చుంటాం, లేకపోతే రేపొస్తాం అని వెనక్కి పోతారు. అదొక్కటే ఆమె ఇంటికొచ్చి చెప్పే కబురు, చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం మారేది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం పని లేనప్పుడు తన చేతికి తానే పట్టీ కట్టుకుని రక్తం తీసుకుంది. రక్తంలో బలం, థైరాయిడ్, చక్కెర, అన్నీ చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. మా వదిన ఇంటికొచ్చినప్పుడు చదివింది.

"అన్నీ బాగానే ఉండాయి గదమ్మా" అంది.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే అది నాకు ఇంకా గుర్తుంది. ఏదైనా రోగం తేలి ఉంటే ఇంట్లో అందరూ వంతులేసుకుని సంగటి పంపేవాళ్లు. రోగం లేదు కాబట్టి సోమరితనం అయింది.

మా అమ్మ పొలంలో పండిన రాగులు మర ఆడించి మాకు డబ్బాతో పంపేది. అది మా ఇంట్లో తగ్గేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ తానే మెట్లెక్కి వచ్చింది. మేము అప్పుడే నిద్ర లేచాము. పాప కళ్లు నులుముకుంటూ, "ఈ పొద్దు ఏం పార్సిలు నాయనా?" అంది. అమ్మ పాప వైపు చూసింది. వంటింట్లోకి పోయి రాగిపిండి డబ్బా మూత తీసింది. పురుగు పట్టి ఉంది. పిండిని పాత గుడ్డలో మూట కట్టుకుని, కోళ్లకు వేస్తానని కూడా చెప్పకుండా తీసుకుపోయింది. చెప్పి ఉంటే నేనేదో ఒకటి అనేవాణ్ణి. మా వదిన మాత్రం వీధిలో చెప్పింది, రాగిపిండికి పురుగు పట్టించేంత సిరి పట్టింది మా మరిది ఇంటికి అని. దీన్ని ముగ్గురు వేర్వేరుగా నాకు చెప్పారు. ముగ్గురి మాటా ఒక్కలాగే ఉంది కాబట్టి అది నిజమే.

తర్వాత జాతర వచ్చింది. గంగమ్మకు మా వంశంలో ప్రతి ఇల్లూ అంబలి పోయాలి. రాగిపిండి ముందే కలిపి పులవబెట్టి, కాచి, మజ్జిగా ఉప్పూ ఉల్లిపాయా వేసి, కుండకు వేపాకు కట్టి, తల మీద పెట్టుకుని పోవాలి. అన్ని ఇళ్ల అంబలీ గుడి దగ్గర ఒకే పెద్ద గంగాళం లాంటి కొప్పెరలో పోస్తారు. అక్కడే అందరూ తాగుతారు. నియమం ఒక్కటే, సొంత పొయ్యి మీద కాచింది కావాలి.

నా భార్య ముందే పిండి కలిపి పెట్టింది. ఆ రోజుల్లో జ్వరాలు ఎక్కువగా ఉండి ల్యాబులో జనం విడవలేదు. జాతర ముందురోజు ఆమెకు సెలవు ఇవ్వలేదు. ఇంటికొచ్చి సంచీ భుజాన ఉండగానే పడుకుంది. పొద్దున లేచేసరికి పిండి పొంగి గట్టంతా కారి ఉంది. ఆమె దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. నేను లేచి వచ్చాక, నాతో కాదు అంది. ఏడవలేదు. అన్నం అయిందా అని అడిగితే కాలేదు అని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను కుండ తీసుకుని బస్టాండుకు పోయాను. ఎండాకాలం అక్కడ రాగి అంబలి బండి ఉంటుంది. ఏమీ వేయొద్దు, ఉప్పూ ఉల్లిపాయా చాలు అని చెప్పాను. అతను సరేనన్నాడు. కానీ అతని మజ్జిగలో కొత్తిమీర ముందే కలిపేసి ఉంది. నేను చూడలేదు. చూసినా కుండ నిండాక ఏం చేసేవాణ్ణో తెలియదు. ఇంటికి తెచ్చి కుండ మెడకు వేపాకు కట్టాను. నా భార్య తల మీద పెట్టుకుని నడిచింది.

గుడి దగ్గర మా వదిన కొప్పెర పక్కనే నిలబడి అందరి అంబలీ పోయించుకుంటోంది. మా కుండ వంచగానే అంబలి మీద పచ్చటి ఆకులు తేలాయి. ఆమె గరిటెతో ఒక ఆకు తీసి చూసింది.

"గంగమ్మకు గూడా పార్సిలేనా అప్పా?" అంది.

నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. మా పెద్దమ్మ కొడుకు నవ్వుతూ పక్కవాడి భుజం తట్టాడు. నా భార్య ఖాళీ కుండ రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడింది. తెచ్చింది నేను అని చెప్పాను. ఆ మాట ఎవరూ వినలేదు. అంబలి ఎవరు తెచ్చారన్నది కాదు అక్కడ విషయం, ఎవరు కాయలేదన్నది.

అప్పుడు మా అన్న మాట్లాడాడు. కోపంగా కాదు, అందరికీ వినపడేలా, నా మేలు కోరి మాట్లాడినట్టు.

"సూడురా. ఆ యమ్మి సంపాదించేదంతా హోటలోనికీ ఆటోవోనికీ పోతాండాది. ఇంటి కాడ ఉంటే ఈ కర్సే ఉండదు గదా. దానికి బస్సెక్కి పోయేది యాల?"

నేను రెండోసారి అడిగాను. "అది సరేన్నా. ఇల్లు మారినప్పుడే అడిగితిని. సాయంత్రం సంగటి ఎవరు కెలకాల?"

ఆయన పలకల మోత వైపు తల తిప్పాడు. అమ్మ కొంగు సరిచేసుకుంది. కొప్పెరలో అందరి అంబలీ కలిసిపోయింది. అందరూ గ్లాసులు ముంచుకుని తాగారు. మా అన్న రెండుసార్లు ముంచుకున్నాడు.

ఈ గొడవంతా తీరే దారి ఒకటుంది. నాకు మదనపల్లెకు బదిలీ కావాలి. అది దొరికితే అందరం ఒకే ఊళ్లో ఉంటాం, చీకటి పడకముందే ఇంట్లో ఉంటాం. అర్జీ పెట్టాను. పెట్టింది కనపడలేదంటే మళ్లీ పెట్టాను. రికార్డు రూములో పనిచేసేవాడి అర్జీయే రికార్డుల్లో కనపడకుండా పోయింది. దీని మీద నవ్వినవాళ్లను కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. చివరికి పై అధికారి పిలిచి, భార్యాభర్తలను ఒకచోట వేసే నియమం ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతేనే అన్నాడు. మీ ఆవిడది ప్రైవేటు కదా అన్నాడు. ప్రైవేటులో తీసే రక్తం రక్తం కాదా సార్ అని అడిగాను. ఆయన బెల్లు కొట్టి ఇంకొకరిని పిలిచాడు. నేను ఆ గది నుంచి వచ్చి, ఎవరో అడిగిన పాత ఫైలు దించి, దుమ్ము దులిపి ఇచ్చాను.

జాతర అయిన కొన్ని రోజులకు నా భార్య, పని మానేస్తానంది. మేము పేపరు మీద ఇడ్లీలు తింటున్నాము. పాప నిద్రపోయింది. ఆసుపత్రివాళ్లకు నెలాఖరులోగా చెప్పాలట. చెబితే వాళ్లు వేరే మనిషిని చూసుకుంటారు.

ఎందుకని అడిగాను.

"మీ ప్రశ్నకు జవాబు అదే గదా" అంది. "మీరు అడిగినప్పుడంతా వాళ్లు నన్నే సూస్తాండారు. మీరు మీ అన్న మొగం సూస్తాండారు కాబట్టి మీకు కనపడలేదు."

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. చట్నీ కవరు ముడి విప్పుతూ అంది. ముడి రాకపోతే పంటితో కొరికి తీసింది. ముసలివాళ్లు నీ చేతికే వస్తారు కదా, వాళ్లేం చేస్తారు అన్నాను. రేపొస్తారు అంది. కవరు నా వైపు జరిపి, రేపు గూడా నేనుండను అంది.

ఇంత జరిగినా నాకు ఆశ్చర్యం కానీ బాధ కానీ సరిగ్గా కలగలేదు. బాధపడటానికి కూడా కొంచెం బలం మిగలాలి. నేను కవర్లన్నీ ఒక దాంట్లో కుక్కి మెట్లు దిగి పారేసి వచ్చాను. ఆమె అప్పటికే పడుకుంది.

పోయిన ఆదివారం మా అన్న భోజనానికి పిలిచాడు. నా భార్య పని మానేస్తుందన్న కబురు ఆయనకు చేరింది. ఎలా చేరిందో నేను కనుక్కోలేదు. మేము వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. వంటింటి గడప దగ్గర మా వదిన సంగటి కెలుకుతోంది. గిన్నె కాళ్ల మధ్య పెట్టుకుని, వీపు గోడకు ఆనించి, రెండు చేతులా తెడ్డు తిప్పుతోంది. చెమట గడ్డం దాకా కారి సంగటి ఆవిరిలో కలుస్తోంది. ఆమె ఎడమ భుజం పట్టేసి ఉందని, ఎత్తలేకపోతోందని అమ్మ అంతకు ముందెప్పుడో చెప్పింది. నేను పట్టించుకోలేదు. ఆమె నన్ను అన్న మాటలు నాకు ఎక్కువగా గుర్తున్నాయి.

"ఎప్పుడు నిలిపేస్తాండాది?" అన్నాడు అన్న, నా భార్యను కాదు, నన్ను చూసి. "మంచి పని. ఇంక నీ కొంప బాగుపడతాది."

నేను మూడోసారి అడిగాను. అడిగేటప్పుడు ఈసారి ఆయన ముఖం ఒక్కటే చూడలేదు, అందరినీ చూశాను. నా భార్య చెప్పింది నిజం. అన్న కళ్లు ఒక్క క్షణం ఆమె మీదికి పోయి వచ్చాయి. అమ్మ కళ్లు కూడా.

తెడ్డు ఆగింది. మా వదిన తలెత్తలేదు. గిన్నెతో చెప్పినట్టుగా అంది.

"నన్ను మాత్రం ఎవరడిగినారప్పా, కెలకతావా అని?"

ఆ మాటతో ఆమె గంగమ్మ దగ్గర అన్న మాట చెల్లిపోదు. పురుగు పిండి మాటా చెల్లిపోదు. అవి నా దగ్గర ఉంటాయి. కానీ ఇన్నాళ్లలో నా ప్రశ్న విని దాని గురించి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అది కూడా నా దగ్గర ఉంటుంది.

మా అన్న, "తినండి, సల్లారిపోతాది" అన్నాడు. తిన్నాము. ఒక్క ఉండ కూడా లేదు. నా భార్య లేచి వదిన చేతిలోంచి గిన్నె తీసుకుని నీళ్లు పోసి పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో నేనామెకు ఒక మాట చెప్పాను. నెలాఖరు వరకు ఆగు, అప్పటిదాకా ఆసుపత్రిలో ఏమీ చెప్పొద్దు అని. మీ అన్న చెప్పడు అంది ఆమె. చెప్పేదాకా అడుగుతాను అన్నాను. ఆమె నా వైపు చూసింది. బాగా అలసిపోయినట్టు చూసింది. కానీ సరే అంది.

అందుకే ఇది రాస్తున్నాను. అన్నా, ఇంక తల తిప్పుకోవడానికి పలకల మోత లేదు, తీసుకుపోవడానికి కాఫీ గ్లాసులు లేవు. నీకు నెలాఖరు వరకు సమయం ఉంది. మా ఇంట్లో సంగటి నా భార్యే కెలకాలి, దానికోసం ఆమె సూది పట్టడం మానుకోవాలి అన్నదే నీ జవాబైతే, కళ్లతో కాదు, నోటితో చెప్పు. ఆమె ఎదుట చెప్పు. వదిన కూడా అక్కడ ఉండాలి, తెడ్డు పక్కన పెట్టి. అది కాదంటే ఇంకెవరో చెప్పు. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు కోసం రోజూ చూస్తుంటాను. వచ్చి చెప్పు.